అలాయ్స్ సంగతి సరే, పాలసీ ఎవరి పేరు మీద ఉంది?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు, విజయవాడ సింగ్‌నగర్‌లో ఉంటాం. మార్చిలో తెలిసినవాళ్ల దగ్గర 2021 మోడల్ బాలెనో డెల్టా కొన్నాను. పాతాయన అప్పటికే 100/90 వాట్ల హెడ్‌లైట్ బల్బులు, ముందు బంపర్‌కి స్టీలు గార్డు పెట్టించి ఉన్నాడు. నేను వచ్చాక 16 అంగుళాల అలాయ్ వీల్స్ (టైర్లు 195/55) వేయించాను. ఆటోనగర్‌లో ఒక షాపులో ఆండ్రాయిడ్ స్టీరియో, యాంప్లిఫయర్, స్పీకర్లు, రివర్స్ కెమెరా, సీటు కవర్లు కూడా పెట్టించాను. అలాయ్స్ 36 వేలు, మ్యూజిక్, కెమెరా కలిపి 32 వేలు, సీటు కవర్లు 9 వేలు అయ్యాయి. ఇన్సూరెన్స్ ఇంకో మూడు వారాల్లో అయిపోతుంది. మా ఏజెంటు పిన్ని మరిది, నాకు బాబాయి వరుస. "అవన్నీ రాస్తే ప్రీమియం పెరుగుతుంది, ఎవడూ చూడడు, వదిలెయ్ రా" అంటున్నాడు. ఇంగ్లండులో లెస్టర్‌లో ఉండే మా బావేమో "చిన్న స్టిక్కర్ వేసినా చెప్పాల్సిందే, లేకపోతే క్లెయిమ్ మొత్తం పోతుంది" అని ఫోన్లో భయపెట్టాడు. ఎవరి మాట వినాలి? ఆర్సీ ఏప్రిల్లోనే నా పేరు మీదికి మారింది. పాలసీ ఇంకా పాతాయన పేరు మీదే ఉంది, రెన్యువల్లో మార్చేద్దాం అన్నాడు బాబాయి. దాంట్లో 35 శాతం నో క్లెయిమ్ బోనస్ ఉంది, అది కూడా మనకి కలిసొస్తుందట.

సమాధానం: అలాయ్స్ గురించి తర్వాత మాట్లాడుకుందాం. మీ ఉత్తరంలో చివర్న, ఏదో మాటవరసకి రాసినట్టు రాసిన ఆ మూడు లైన్లు చదివి నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. ఆర్సీ మీ పేరు మీద, పాలసీ పాతాయన పేరు మీద. అంటే ఈ రోజు సాయంత్రం బెంజ్ సర్కిల్ దగ్గర ఏ లారీయో మీ బండిని గీరుకుంటూ పోతే, బాగుచేయించుకోవడానికి మీకు ఇన్సూరెన్స్ డబ్బు వచ్చే దారి దాదాపు లేదు, ఎందుకంటే బండి ఉన్నవాడికి పాలసీ లేదు, పాలసీ ఉన్నవాడికి బండి లేదు.

మోటారు వాహనాల చట్టంలో 157వ సెక్షన్ అని ఒకటుంది. బండి చేతులు మారితే పాలసీ కూడా దాంతోపాటే కొత్త యజమానికి వెళ్లినట్టు భావించాలని చెబుతుంది. అది చూపించి చాలామంది ధైర్యం చెబుతుంటారు, మీ బాబాయి ధీమా కూడా బహుశా అక్కడిదే. కానీ ఆ వెసులుబాటు థర్డ్ పార్టీకి, అంటే మీ బండి వల్ల ఎదుటివాడికి జరిగే నష్టానికి మాత్రమే అని సుప్రీంకోర్టు 1990లలోనే తేల్చేసింది. మీ సొంత బండికి జరిగే డ్యామేజీ సంగతి వేరు, యజమాని మారిన 14 రోజుల్లోపు కంపెనీకి కాగితాలిచ్చి పేరు మార్పించుకోవాలి. ఆ 14 రోజులు మీకు ఎప్పుడో దాటిపోయాయి. ఆలస్యమైతే అసలు మార్చరని కాదు, బండిని ఓసారి చూసి లేదా ఫొటోలు, వీడియో తీసుకుని మారుస్తారు, కాకపోతే మార్చిన రోజు నుంచే మీకు రక్షణ. కాబట్టి రెన్యువల్ దాకా ఆగొద్దు. ఇరవై రోజులే కదా అనిపిస్తుంది, ప్రమాదానికి ఆ లెక్క తెలియదు కదా. ఇవాళే మొదలుపెట్టండి.

ఇక ఆ 35 శాతం. నో క్లెయిమ్ బోనస్ అనే ఈ ప్రీమియం తగ్గింపు బండిది కాదు, మనిషిది. పాతాయన మూడేళ్లు క్లెయిమ్ చేయకుండా నడిపి సంపాదించుకున్నది, ఆయన ఇంకో కారు కొంటే దానికి తీసుకెళతాడు. మీకు ఇంతకుముందు సొంత కారు ఉండి, దాని మీద బోనస్ ఉంటే అది వాడుకోవచ్చు, లేకపోతే మీరు సున్నా నుంచి మొదలు. అందుకే పేరు మార్చేటప్పుడు ఈ మిగిలిన రోజులకి బోనస్ తేడా కట్టమని అడుగుతారు, కట్టేయండి. రెన్యువల్లో మీ బాబాయి అలవాటు ప్రకారం తర్వాతి మెట్టు 45 శాతం వేసేస్తే, ఓన్ డ్యామేజ్ (సొంత బండి నష్టానికి కట్టే) ప్రీమియం 8 వేలు అనుకున్నా, మీకు 3,600 మిగిలినట్టు కనిపిస్తుంది. ఆ 3,600 కోసం మీరు కంపెనీకి చేతికిచ్చేది మీ పేరుతో ఉన్న ఒక అబద్ధపు డిక్లరేషన్. రేపు లక్షన్నర క్లెయిమ్ వస్తే వాళ్లు పాతాయన కంపెనీకి ఒక మెయిల్ కొడితే చాలు, నిమిషాల్లో బయటపడుతుంది. అలాయ్స్ దాచిపెట్టి ఎవరైనా పట్టుబడతారో లేదో గానీ, ఇందులో మాత్రం తేలిగ్గా పట్టుబడతారు.

ఇంకొక మాట, మళ్లీ మర్చిపోతాను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు మీ సింగ్‌నగర్‌ని ఎలా ముంచిందో మీకు నేను చెప్పక్కర్లేదు. మీరు కొన్నది దాని తర్వాత అయితే, ఆ బండి నీళ్లలో ఉందా లేదా అని షోరూంలో సర్వీసు హిస్టరీ తీయించి చూసుకోండి. తెలిసినవాళ్ల దగ్గరే కొన్నారు సరే, వాళ్లకి ఎవరు అమ్మారు?

సరే, ఇప్పుడు మీ అసలు ప్రశ్న.

మీ బాబాయి చెప్పింది సగం నిజం. కంపెనీవాళ్లు పాలసీ ఇచ్చేటప్పుడు మీ బండి చుట్టూ తిరిగి సీటు కవర్లు లెక్కపెట్టరు. వెనక డోరు ఆటోవాడు నొక్కేస్తే, సర్వేయర్ వచ్చి డోరు చూస్తాడు, బిల్లు చూస్తాడు, లైసెన్సు చూస్తాడు, పోతాడు, స్టీరియో ఎక్కడిదని అడిగే పని ఆయనకి లేదు. ఇలాంటివి రోజూ బోలెడు పాసవుతుంటాయి, అందుకే ఏజెంట్లకి ఆ ధైర్యం. ఏ బయటి వస్తువు కనిపించినా క్లెయిమ్ మొత్తం కొట్టేస్తారన్నది మాత్రం ఇక్కడ నిజం కాదు.

మీ బావది కూడా సగం నిజమే, కాకపోతే అది ఆయన ఊరి నిజం. బ్రిటన్‌లో కంపెనీలు మోడిఫికేషన్ల గురించి ముందే సూటిగా అడుగుతాయి, అడిగినదానికి జాగ్రత్తగా, నిజంగా జవాబు చెప్పడం కస్టమర్ బాధ్యత. అక్కడ కూడా 2012లో వచ్చిన చట్టం ప్రకారం, కావాలని అబద్ధం చెప్పినవాడికీ అజాగ్రత్తగా వదిలేసినవాడికీ తేడా ఉంది. అజాగ్రత్త అయితే, నిజం చెప్పి ఉంటే ఎంత ప్రీమియం పడేదో లెక్కేసి ఆ నిష్పత్తిలో క్లెయిమ్ తగ్గించి ఇవ్వొచ్చు, కావాలని చేస్తే మొత్తం ఎగ్గొట్టొచ్చు. స్టిక్కర్‌కే క్లెయిమ్ మొత్తం పోతుందన్నది బావగారి సొంత కవిత్వం, బావలన్నాక ఆ మాత్రం ఉంటుంది.

మన దగ్గర లెక్క ఇంకోలా నడుస్తుంది. నేనైతే ప్రతి వస్తువుకీ రెండే ప్రశ్నలు వేసుకుంటాను. బండికి నష్టం జరిగితే ఈ వస్తువు దానికి కారణం అయ్యే అవకాశం ఉందా? నష్టం జరిగాక ఈ వస్తువు ఖరీదు నాకు తిరిగి కావాలా? రెండింట్లో ఏ ఒక్కదానికి అవునన్నా చెప్పాలి. రెండింటికీ కాదంటే, చెప్పినా ఒకటే చెప్పకపోయినా ఒకటే.

మీ పాలసీ కాగితం ఒకసారి తీయండి. ఐడీవీ అని బండి విలువ రాసి ఉంటుంది కదా, దాని పక్కనే ఎలక్ట్రికల్ యాక్సెసరీస్, నాన్ ఎలక్ట్రికల్ యాక్సెసరీస్, సీఎన్‌జీ కిట్ అని గడులు ఉంటాయి. వాటిల్లో సున్నాలు ఉంటాయి. ఆన్‌లైన్లో రెన్యువల్ చేసినా అంతే, యాక్సెసరీస్ అన్నచోట ఎవరూ ఏమీ నింపరు, అది సున్నాతో ముందుకి వెళ్లిపోతుంది. ఆ సున్నా అంటే కంపెనీ దృష్టిలో మీ బండిలో బయట కొన్నది ఒక్కటీ లేదు.

ఆ సున్నా విలువ నాకు 28 వేలు. 2020 అక్టోబరులో హైదరాబాద్‌ని వాన ముంచేసిన ఆ రాత్రి మా అపార్ట్‌మెంట్ సెల్లారులో నా కారు సీట్ల పై దాకా నీళ్లలో ఉంది. (ఇలాంటప్పుడు తాళం తిప్పి స్టార్ట్ చేయకండి, ఇంజన్లోకి నీళ్లు లాక్కుంటే అది వేరే గొడవ, మామూలు పాలసీలో అది రాదు. నేను ఆ ఒక్క తెలివైన పని మాత్రం చేశాను.) సర్వేయర్ మర్యాదస్థుడు. సీట్లు, వైరింగ్, కార్పెట్, అన్నీ రాసుకున్నాడు. డ్యాష్‌బోర్డు దగ్గరికి వచ్చి, "ఇది కంపెనీ ఫిట్టింగేనా సార్?" అన్నాడు. కాదన్నాను. పాలసీ తిప్పి ఆ గడిలో వేలు పెట్టి చూపించాడు. వాదించడానికి నా దగ్గర ఏమీ లేదు. మిగతాదంతా ఇచ్చారు, మ్యూజిక్ సిస్టమ్ మాత్రం లేదు. తప్పు కంపెనీది కాదు, నాదే. ఏడాదికి వెయ్యి రూపాయలు మిగిలాయని నేను సంతోషించినన్నాళ్లూ ఆ గడిలో సున్నానే ఉంది.

కాబట్టి మీ 32 వేల మ్యూజిక్ సెట్టు, కెమెరా: చెప్పండి. పాత టారిఫ్ పద్ధతిలో (అప్పట్లో అన్ని కంపెనీలకీ ఒకే రేట్లు), చాలా కంపెనీలు ఇప్పటికీ పాటించే లెక్కలో, బయట పెట్టించిన ఎలక్ట్రికల్ సామాను విలువలో 4 శాతం ప్రీమియం. 32 వేలకి 1,280, జీఎస్టీ 18 శాతం కలిపితే 1,510. నిజానికి వాడిన సామాను కాబట్టి కొంత తరుగు తీసి విలువ వేస్తే ఇంకాస్త తగ్గుతుంది. దీనికి వరద, దొంగతనం, ప్రమాదం, అగ్నిప్రమాదం అన్నీ వర్తిస్తాయి. స్టీరియో దానంతట అది పాడైపోతే మాత్రం రాదు, అది వారంటీ చూసుకోవాల్సిన పని.

అయితే మ్యూజిక్ సెట్టులో డబ్బుకన్నా నాకు ఎక్కువ ఆసక్తి వైర్ల మీద. యాంప్లిఫయర్‌కి కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి లావుపాటి వైరుతో తెస్తారు. ఆ వైరుకి బ్యాటరీ దగ్గరే, అడుగు దూరంలోపే ఫ్యూజు ఉండాలి. లేకపోతే ఆ వైరు ఎక్కడో రేకుకి రాసుకుని పైతొడుగు తెగినప్పుడు, దాన్ని ఆపేవాడు ఉండడు, బ్యాటరీలో ఉన్నదంతా అందులోంచే పోతుంది, వైరు ఎర్రగా కాలుతుంది. బానెట్ ఎత్తి చూడండి, రెండు నిమిషాల పని. ఫ్యూజు లేకపోతే అదే షాపుకి వెళ్లి పెట్టించండి, సొంతంగా కొనుక్కున్నా రెండు మూడు వందల సామాను. కంపెనీ వైర్లని కోసి టేపు చుట్టాడా, లేక కప్లర్‌తో కలిపాడా అని కూడా అడగండి. నిప్పు అంటుకోవడం పాలసీలో కవరయ్యే ప్రమాదమే, కానీ బండిని మంచి స్థితిలో ఉంచే బాధ్యత యజమానిదని అదే పాలసీ షరతుల్లో ఉంటుంది. కాలిపోయిన బండిలో మంట మొదలైన చోటు, కోసి టేపు చుట్టిన చోటు ఒకటే అయినప్పుడు, ఆ సామాను కాగితం మీద కూడా లేనప్పుడు, వాళ్లకి వాదన మీరే అందించినట్టు.

ఇదే కారణంతో ఆ 100/90 బల్బులు. వాటిని చెప్పకండి, తీసేయండి. ఈ రకం బల్బు మామూలుగా 60/55 వాట్లు, 12 వోల్టుల మీద 60 వాట్లంటే 5 ఆంపియర్లు. 100 వాట్లు అంటే 8 పైన. వైరు అదే, కనెక్టర్ అదే, స్విచ్చు అదే, పోయే కరెంటు మాత్రం ఒకటిన్నర రెట్లకి మించి. రిలే పెట్టి వేరే వైరింగ్ వేసి ఉంటే కొంత నయం, పాతాయన ఆ ఖర్చు పెట్టి ఉంటాడని నాకు నమ్మకం లేదు. నమ్మకం సంగతి పక్కన పెట్టినా, ఇలాంటి బల్బులు రూల్సు ఒప్పుకునేవి కావు, ఎదురుగా బైకు మీద వచ్చేవాడికి రెండు క్షణాలు ఏమీ కనపడదు. కంపెనీకి చెప్పినంత మాత్రాన తప్పు ఒప్పయిపోదు, ఈ ముక్క చాలామంది గమనించరు. వాళ్లు ప్రీమియం తీసుకుని "సరే" అనే వస్తువు వేరు, చట్టమే వద్దన్న వస్తువు వేరు.

బంపర్ గార్డుది కూడా అదే దారి. 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలన్నిటికీ రాసింది, ఈ గార్డులు పెట్టుకోవడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కి విరుద్ధం, చర్య తీసుకోండని. బండి తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా మార్చకూడదని ఆ సెక్షన్ చెబుతుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టం సవరించినప్పుడు అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని పెట్టారు. జైలు సంగతి అటుంచండి. బంపర్ ఉన్నదే నలిగిపోవడానికి. నలిగితే దెబ్బ కొంత అక్కడ ఆగుతుంది, ఎయిర్‌బ్యాగు సెన్సార్లు ఆ నలుగుడు లెక్కని బట్టే పనిచేసేలా కంపెనీ కట్టింది. మీరు దాని ముందు ఛాసిస్‌కి బిగించిన స్టీలు పైపు పెడితే, బంపర్‌కి గీత పడదు, దెబ్బ మొత్తం నేరుగా లోపలికి వస్తుంది. మూడు వేల బంపర్ పెయింటు కోసం పెట్టుకున్న కంచె అది. రెన్యువల్ ఫొటోలు తీసేలోపే విప్పించేయండి, పాత ఇనుముకి కిలోల లెక్కన ఎవరైనా కొంటారు.

అలాయ్స్ దగ్గరికి వస్తే, మీరు అనుకోకుండానో ఎవరైనా చెబితేనో గానీ మంచి సైజు వేయించారు. మీ డెల్టాకి కంపెనీ ఇచ్చింది 185/65 ఆర్15. పై వేరియంట్లకి ఇచ్చింది 195/55 ఆర్16, మీరు వేసినదే. లెక్కేసి చూస్తే మొదటిదాని ఎత్తు సుమారు 621 మిల్లీమీటర్లు, రెండోది కూడా దాదాపు అంతే, తేడా ఒక మిల్లీమీటరు కూడా లేదు. అంటే స్పీడోమీటరు అబద్ధం చెప్పదు, చక్రం తిప్పినప్పుడు లోపల రాసుకోదు. ఎవరైనా అడిగితే ఇదే మోడల్‌కి కంపెనీవాళ్లే ఇచ్చిన సైజు అని చూపించడానికి ఓనర్ మాన్యువల్ చాలు. ఇదే మీరు 17 అంగుళాలు వేసి, చక్రం ఫెండర్ బయటికి పొడుచుకొచ్చి ఉంటే నా జవాబు వేరేగా ఉండేది.

కాబట్టి అలాయ్స్ చెప్పడానికి భయపడక్కర్లేదు, చెబితే లాభం కూడా. ఇవి నాన్ ఎలక్ట్రికల్ కిందికి వస్తాయి, వాటి విలువ బండి ఐడీవీకి కలుస్తుంది. ప్రీమియం అదే రేటున పెరుగుతుంది, పాత టారిఫ్ రేట్లలో అది సుమారు 3 శాతం, ఇప్పుడిచ్చే డిస్కౌంట్లతో ఇంకా తక్కువ. అంటే 36 వేలకి మహా అయితే వెయ్యి రూపాయల చుట్టూ. గుంటలో పడి ఒక అలాయ్ పగిలితే, లేదా తెల్లారేసరికి బండి ఇటుకల మీద నిలబడి నాలుగు చక్రాలూ మాయమైతే, చెప్పినవాడికి అలాయ్స్ లెక్కన ఇస్తారు, చెప్పనివాడికి మహా అయితే డెల్టాకి వచ్చిన ఇనుప చక్రాల లెక్క కడతారు.

సీటు కవర్లు వదిలేయండి. నా రెండు ప్రశ్నలకీ అది దాదాపు కాదు. మీకు మనసొప్పకపోతే అలాయ్స్‌తోపాటు కలిపి రాయించుకోండి, తప్పేం లేదు. కాకపోతే సీటు కవర్ చిరిగిందని ఎవరూ క్లెయిమ్ వేయరు, వేయకూడదు కూడా, ఎందుకంటే మీ 1200 సీసీ బండికి ప్రతి క్లెయిమ్‌లో మొదటి వెయ్యి రూపాయలు మీవే, పైగా ఒక్క క్లెయిమ్ వేస్తే వచ్చే ఏడాది రావాల్సిన 20 శాతం బోనస్ పోతుంది. కెమెరా ఒక్కటే పోయినా ఇదే లెక్క వేసుకోండి. చెప్పి ఉంచడం పెద్ద నష్టం కోసం.

ఇదంతా చెప్పకపోతే నిజంగా ఏమవుతుంది అంటారా. చిన్న డెంటుకి ఏమీ కాదు. పెద్దది జరిగినప్పుడు కంపెనీ మూడు రకాలుగా అనొచ్చు. చెప్పని వస్తువుకి మాత్రం ఇవ్వం అనడం మామూలుగా జరిగేది, నాకు జరిగింది కూడా అదే. పాలసీ షరతు తప్పారు కాబట్టి మొత్తం ఇవ్వం అనడం రెండోది. దీని మీద జనం సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2008లోనూ 2010లోనూ, సొంత వాడకానికి అని పాలసీ తీసుకుని బండిని అద్దెకి తిప్పిన కేసుల్లో, షరతు తప్పినంత మాత్రాన మొత్తం ఎగ్గొట్టొద్దు, కొంత తగ్గించైనా ఇవ్వండి అని కోర్టు చెప్పింది. ఆ తీర్పులు మనవైపు పనికొస్తాయి. అయితే ఆ డబ్బు కోసం వాళ్లు ఎన్ని మెట్లు ఎక్కారో చూడండి, కంపెనీ, జిల్లా, రాష్ట్రం, జాతీయ కమిషను, సుప్రీంకోర్టు. మీ మ్యూజిక్ సెట్టు కోసం మీరు అంత దూరం వెళ్లరు, కంపెనీకీ ఆ సంగతి తెలుసు. మూడోది, ఎదుటివాడికి దెబ్బ తగిలిన కేసు. అక్కడ షరతులు తప్పినప్పుడు కోర్టులు చాలాసార్లు ముందు బాధితుడికి కట్టమని కంపెనీకి చెబుతాయి, తర్వాత ఆ డబ్బు యజమాని దగ్గర వసూలు చేసుకోమంటాయి. ఆ యజమాని మీరు. 100/90 బల్బుల వెలుగులో కళ్లు చెదిరి ఒకతను పడిపోయాడనుకోండి, నేను ఇంకేం చెప్పను.

చెప్పే పద్ధతి. బాబాయికి వాట్సాప్‌లో పెడితే కంపెనీకి చెప్పినట్టు కాదు. ఆయన ఆ మెసేజ్ చదివి మూసేస్తే అది ఏ ఫైలులోనూ ఉండదు. పాలసీ మీద ఉన్న కంపెనీ మెయిల్‌కే రాయండి, ఆయనకి కాపీ పెట్టండి, గౌరవంగా ఉంటుంది. బండి నంబరు, పాలసీ నంబరు, ఆర్సీ నా పేరుకి మారింది అని మొదటి లైను. రెండో లైనులో బయట పెట్టించినవి, ఎప్పుడు పెట్టించారు, బిల్లు ఎంత, టైరు సైజుతో సహా. బండి నాలుగు వైపులా ఫొటోలు, డ్యాష్‌బోర్డు ఫొటో, చక్రం ఫొటో, బిల్లులు జతచేయండి. ఆటోనగర్ షాపువాడు బిల్లు ఇవ్వలేదా? ఇప్పుడైనా అడిగి జీఎస్టీతో రాయించుకోండి, బిల్లు లేని వస్తువుకి విలువ పెట్టమంటే ఎవరూ పెట్టరు. చివర్లో, వీటిని కవర్ చేస్తే అదనంగా ఎంత కట్టాలి, ఏదైనా చేయలేమంటే ఆ ముక్క రాసి పంపండి అని అడగండి. జవాబు వచ్చాక పాలసీలో ఆ గడులు నిండాయో లేదో చూసుకోండి, డబ్బు కట్టించుకుని గడిలో సున్నా వదిలేసినవాళ్లు ఉన్నారు. ఎవరూ పట్టించుకోకపోతే కంపెనీ ఫిర్యాదుల విభాగం, ఆ తర్వాత బీమా నియంత్రణ సంస్థవాళ్ల బీమా భరోసా పోర్టల్, అక్కడా తేలకపోతే హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఆఫీసు ఉంది, రెండు తెలుగు రాష్ట్రాలకీ అదే, రూపాయి ఫీజు లేదు.

మెయిల్ వేసేముందు ఇంకొకటి చూసుకోండి. ఏఆర్‌ఏఐ (బండ్లనీ వాటి సామాన్లనీ పరీక్షించే సంస్థ) ఆమోదించిన దొంగతన నిరోధక పరికరం ఏదైనా బండిలో పెట్టించి ఉంటే, టారిఫ్ ప్రకారం ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో రెండున్నర శాతం, గరిష్ఠంగా 500 రూపాయలు తగ్గించే వీలుంది. చెబితే పెరగడమే కాదు, తగ్గేవి కూడా ఉంటాయి, అవి మాత్రం ఏజెంట్లు గుర్తుచేయరు.

మీరు రాయలేదు గానీ ఆటోనగర్ వెళ్లినవాడికి తర్వాత వచ్చే ఆలోచన సీఎన్‌జీ కిట్. అది ఈ లెక్కలోకి రాదు. అది ముందు ఆర్టీఓ దగ్గర ఆర్సీలో ఎక్కాలి, తర్వాత పాలసీలో ఎక్కాలి, కిట్ విలువలో 4 శాతం, థర్డ్ పార్టీకి అదనంగా ఇంకో 60 రూపాయలు. రంగు మార్చినా ముందు ఆర్సీనే. ఈ రెండూ దాచిపెట్టినవాడికి నేను కూడా వత్తాసు పలకలేను.

ఇక బాబాయి. ఆయనతో గొడవ వద్దు, రేపు పెళ్లిళ్లలో కలవాల్సిన మనుషులు. "బాబాయ్, నువ్వు చెప్పినట్టే చేస్తాను, ఇవేవీ రాయక్కర్లేదన్న ఆ మాట నాకు ఒక్కసారి మెయిల్లో పంపు" అని అడగండి. పంపడు. నవ్వేసి, "సరే, పంపించు ఆ బిల్లులు" అంటాడు, నాకు తెలిసిన ఏజెంట్లందరూ అలాగే అన్నారు.

బల్బులు మార్పించేటప్పుడు మెకానిక్ పక్కనే నిలబడి కనెక్టర్ వెనక భాగం చూడండి. తెల్లటి ప్లాస్టిక్ గోధుమ రంగులోకి తిరిగి ఉంటే, బల్బుతో పాటు కనెక్టర్ కూడా మార్పించండి.